కదిలించే మనిషికి

నిన్ను ఏ పేరుతో పిలవాలి? సర్కారు కాగితంలో నీకొక పేరుంది, రచ్చబండ మీద ఇంకొకటి ఉంది. రెచ్చగొట్టేవాడు, ఎగదోసేవాడు, ఉసిగొలిపేవాడు, చిచ్చుపెట్టేవాడు, చెడగొట్టేవాడు. ఇవి నిన్ను చూసి దడుచుకున్నవాళ్ళు పెట్టిన పేర్లు. రత్నం, కేసరి, దండు, దండోరా. ఇవి నీ వెంట నడిచినవాళ్ళు నోరారా పిలుచుకున్న పేర్లు. గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఈ నల్లరేగడిలో నూరేళ్ళుగా రెండు రకాల పేర్లూ ఒకే చాలులో మొలుస్తున్నాయి. నేను కొత్త పేరేమీ పెట్టను. కదిలించే మనిషీ, అంటాను. ఆడదానివైనా మగవాడివైనా, పట్టా పుచ్చుకున్నా వేలిముద్ర వేసినా, గెలిచినా ఓడినా, పలుకు.

మాఘంలో మిరప కళ్ళం పక్కనుంచి నడిచినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఎర్రగా ఆరబోసిన కాయల మీదుగా గాలి తిరిగిందంటే ఎవరో ఒకరు ముందు తుమ్ముతారు, ఆ వెనక కళ్ళంలో ఉన్న అందరూ తుమ్ముతారు. ఘాటు కాయలో ఉంది. ముందు తుమ్మినవాడు దాన్ని మూటగట్టుకు రాలేదు. అయినా దొరతనం ఏ కాలానిదైనా సరే, ముందు తుమ్మినవాణ్ణే పట్టుకుంటుంది. జనం బుద్ధిగానే ఉన్నారు, వీడొచ్చి చెడగొట్టాడు అని రాసుకుంటుంది. నిషేధాజ్ఞలు చదివి వినిపిస్తుంది. నీ నోరు మూస్తే ఘాటు పోతుందనుకుంటుంది.

ఒకప్పుడు నీ పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. పెనుగంచిప్రోలులో పుట్టావు, ఎడింబరోలో ఎం.ఏ. చదివావు, తిరిగొచ్చి పాఠాలు చెప్పావు, చివరికి చీరాల చేరావు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చినవాడివి. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం దాన్ని అచ్చువేసింది. చేతికీ చూపుకీ మనసుకీ ఉన్న బంధుత్వాన్ని శాస్త్రంగా చదువుకున్నవాడు నాట్యమండపానికి పోకుండా నేతగాళ్ళ మధ్యకు వచ్చి నిలబడితే ఎలా ఉంటుందో చీరాల చూసింది. నువ్వు పద్యం అందుకుంటే వీధి ఆగేది, చమత్కారం విసిరితే నవ్వు పుట్టేది, ఆ నవ్వులోంచే తెగింపు పుట్టేది. నీ వెనక రామదండు. కాషాయం కట్టి, మెడలో రుద్రాక్షలు వేసుకుని, నుదుట కుంకుమ పెట్టుకుని, చేతిలో ఆయుధమన్నది లేకుండా కదిలిన దండు. ఆ పేరు పెట్టడంలోనే నీ నేర్పంతా ఉంది. సంఘం అనలేదు, సమితి అనలేదు. ప్రతి గుళ్ళోనూ, ప్రతి హరికథలోనూ జనం పుట్టినప్పటినుంచీ ఎరిగిన మాటను తీసుకుని వాళ్ళ చేతిలో పెట్టావు.

చీరాల, పేరాల మగ్గాల ఊళ్ళు. నూలును నూనెలో నానబెట్టి, చిరువేరు ఎరుపు పట్టించి, నేసిన తేలియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలదాకా వెళ్ళేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం ఈ ఊళ్ళను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకు పోయింది. నేతగాడి ఇంట్లో ఆ మాట ఎలా పడిందో ఊహించుకోండి. అర్జీలు పెట్టుకున్నారు. లాభం లేకపోయింది. పన్ను కట్టమన్నారు. కట్టనందుకు జైలుకు పోయినవారిలో ఒక ముసలమ్మ కూడా ఉంది. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చారు. శాంతంగా పన్ను నిరాకరించడం ఒక దారి, ఊరు విడిచిపోవడం రెండో దారి అన్నారు.

రెండో దారి పట్టారు. పన్ను ఊరి మీద వేస్తున్నారు కదా, ఊరే లేకుండా చేద్దాం అని నువ్వన్నావు, జనం లేచారు. పదిహేను వేల జనంలో పదమూడు వేలమంది దాకా ఇళ్ళకు తాళాలు వేసి, మగ్గాలు విప్పి, మంచాలూ కుండలూ నెత్తికెత్తుకుని, పసిపిల్లల్ని చంకనేసుకుని పొలిమేర దాటారు. ఇసకనేలలో తాటాకు పాకలు వేసుకున్నారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు. ఎండాకాలం గడిచింది, ముసురు గడిచింది, చలి గడిచింది. పదకొండు నెలలు.

నిన్ను రెచ్చగొట్టేవాడన్నారు. రెచ్చిపోయినవాడు రాయి విసురుతాడు, గడ్డివామికి నిప్పు పెడతాడు, సాయంత్రానికి చల్లబడి ఇంటికి పోతాడు. తాతలనాటి ఇంటి గడప దాటి, వానకు కారే పాకలో, తన పంచాయితీ తానే నడుపుకుంటూ, తన తగవు తానే తీర్చుకుంటూ పదకొండు నెలలు ఉండటం రెచ్చిపోయినవాడి వల్ల అయ్యే పని కాదు. అది తెప్పరిల్లినవాడి పని. నువ్వు చేసింది తెప్పరిల్లజేయడం. ఇంతకన్న గొప్ప విద్య ఏదీ నాకు తెలియదు.

బరంపురంలో మాట్లాడకూడదన్నారు, మాట్లాడావు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నువ్వు లేని రామనగరం మెల్లగా డస్సింది. పాకలు విప్పుకుని జనం పాత ఇళ్ళ తాళాలు తీశారు. మునిసిపాలిటీ ఉండిపోయింది. 1928 జూన్‌లో, నలభై ఏళ్ళు నిండకుండానే, నువ్వు వెళ్ళిపోయావు. చేతిలో చిల్లిగవ్వ లేదు. పేరు ముందు ఆంధ్రరత్న ఉంది. ఓడిపోయిన ఉద్యమం అంటారు లెక్కలు కట్టేవాళ్ళు. ఆ లెక్క నేను ఒప్పుకోను. ఒక ఊరు ఊరంతా తన మాట మీద తాను నిలబడగలదని ఈ జిల్లాలు మొదటిసారి కళ్ళారా చూసింది రామనగరంలోనే.

చూసినవాళ్ళు ఊరుకోలేదు. 1921 చలికాలానికే నీ పేరు పర్వతనేని వీరయ్య చౌదరి. పెదనందిపాడు ఫిర్కా. పత్తి తీతలు సాగుతున్న చేలమధ్య శాంతిసేన తిరిగింది. శిస్తు కట్టం అన్నారు. మునసబులు, కరణాలు రాజీనామాలు రాసి ఇచ్చారు. ఊరిమీద సర్కారుకు ఉన్న కళ్ళూ చేతులూ వాళ్ళే కదా, ఆ కళ్ళూ చేతులూ ఊరివైపు తిరిగాయి. కలెక్టరు రూథర్‌ఫర్డు పటాలాన్ని పల్లెల్లో కవాతు చేయించాడు. జప్తు చేసిన సొత్తుకు పాటదారు దొరకలేదు. జనం నిన్ను ఆంధ్ర శివాజీ అన్నారు. శివాజీకి కత్తి ఉంది, నీకు లేదు. అయినా పేరు అతికింది.

1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో పోలీసుఠాణా తగలబడింది. గాంధీజీ ఉద్యమం ఆపమన్నారు. పెదనందిపాడు ఆపింది. గెలుపు చేతికందే దూరంలో ఉండగా, తమ ఊళ్ళో ఒక్క దెబ్బ పడకపోయినా, ఎక్కడో గోరఖ్‌పూర్ వైపు జరిగిన తప్పుకు తల వంచి శిస్తు కట్టింది. జనాన్ని లేపడం కొందరికి చేతనవుతుంది. లేచిన జనాన్ని కూర్చోబెట్టి, వాళ్ళు కూర్చున్నా వాళ్ళ గౌరవం పడిపోకుండా చూడటం నీలాంటి కొద్దిమందికే చేతనయింది.

ఆ ఫిబ్రవరిలోనే పల్నాడులో నీ పేరు కన్నెగంటి హనుమంతు. మించాలపాడు రైతు. అడవిలో పశువు గడ్డి మేస్తే పుల్లరి కట్టాలన్నారు. కట్టనన్నావు. తుపాకులు పేలాయి. ఆ పల్నాటి పోరాటానికి తోడు నిలిచిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైలుకు వెళ్ళి అక్కడ కూర్చుని మాలపల్లి నవల రాశారు. దొరతనం ఆ పుస్తకాన్నీ నిషేధించింది. మనిషిని బంధిస్తే పుస్తకం లేచింది, పుస్తకాన్ని బంధిస్తే అది చేతులు మారుతూ తిరిగింది. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో పోలీసు తుపాకికి రొమ్ము చూపించి ఆంధ్రకేసరి అయ్యారు. ఈ కథ అందరికీ తెలిసిందే. ఒక జిల్లాకి ఆయన పేరే పెట్టుకున్నాం. బడిగోడల మీద బొమ్మలు వేసుకున్నాం. చనిపోయిన నిన్ను పూజించడం మాకు బాగా అలవాటు.

బతికున్న నిన్ను చూస్తేనే మాకు కష్టం. ఆ కష్టాన్ని చెప్పకుండా నీకు స్తోత్రం చేస్తే అది దొంగ స్తోత్రం.

రామనగరం తర్వాత అరవై నాలుగేళ్ళకు అదే చీరాలకు ఇంకొక పల్లె తరలి వచ్చింది. వీళ్ళు పన్నుకు ఎదురు తిరిగి రాలేదు, ప్రాణాలు దక్కించుకోడానికి పరుగెత్తి వచ్చారు. కారంచేడు మాదిగపల్లె. తాము తాగే చెరువు నీళ్ళను ఎందుకు మురికి చేస్తారని అడిగినచోట మొదలైంది. అడిగిన కుర్రవాణ్ణి కొట్టబోతే, నీళ్ళకొచ్చిన ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, 1985 జూలై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల్ని చెరిచారు. మిగిలినవాళ్ళు చేలకు అడ్డంపడి చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మళ్ళీ ఆ ఊరికి పోమన్నారు. పోలేదు. చీరాలలోనే ఉండిపోయారు.

ఎత్తిన ఆ బిందె నీదే. అది ఉపన్యాసం కాదు, కరపత్రం కాదు. అయినా ఆ వానాకాలంలో ఆంధ్రదేశం నలుమూలలకీ వినిపించిన పిలుపు అందులోంచే వచ్చింది. పొన్నూరు కాలేజీలో సంస్కృతం చెప్పే కత్తి పద్మారావు వచ్చారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ కొలువు వదిలేసి వచ్చారు. దళిత మహాసభ పుట్టింది. శిబిరంలో దెబ్బలు మానని మనుషులు ఊరేగింపుల ముందు నడిచారు. అప్పుడు కూడా అదే మాట: ఎవరో వచ్చి వీళ్ళని రెచ్చగొడుతున్నారు. చీరాల పేరాల కథను పిల్లలకు గర్వంగా చెప్పుకునే ఇళ్ళలోనే ఆ మాట పలికింది. ఊరు విడిచిన నేతగాడు వీరుడైనప్పుడు ఊరు విడిచిన మాదిగవాడు ఎందుకు కాలేదు? ఈ ప్రశ్న మా జిల్లాలను ఇంకా అడుగుతూనే ఉంది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తుది తీర్పుకు 2008 దాకా పట్టింది. ఈ మధ్యలో, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోవడానికి అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఈ నాలుగు వాక్యాలు రాయడానికి నా చెయ్యి బరువెక్కింది.

అయినా నువ్వు మాట పడిపోయి ఊరుకోలేదు. 1994 జూలై 7న నాగులుప్పలపాడు మండలం ఈదుమూడిలో కొద్దిమంది మాదిగ యువకులు కూడారు. ఆ రోజునుంచి నీ పేరు దండోరా.

ఈ పేరు దగ్గర నేను ఆగి చేతులు జోడిస్తాను. మా ఊళ్ళలో దండోరా వేసేది మాదిగవాడు. డప్పు అతనిది, చర్మం అతను ఊనింది, చెయ్యి అతనిది. మాట మాత్రం ఇంకొకరిది. శిస్తు కట్టమని, వెట్టికి రమ్మని, ఫలానా వీధిలో వేలంపాట ఉందని, పెద్దలు చెప్పిన మాటను వీధివీధికీ మోసేవాడు. తన ఆకలి గురించి ఒక్క దెబ్బ వేసే హక్కు ఆ డప్పుకు లేదు. తరాల తర్వాత ఆ డప్పు తన సొంత మాట వేసింది. ఆ దండోరాను నడిపిన మందకృష్ణ తన పేరు చివర మాదిగ అని చేర్చుకున్నారు. తిట్టుగా వాడిన కులనామాన్ని వేలమంది బిరుదులాగా పేరు పక్కన పెట్టుకున్నారు. షెడ్యూల్డు కులాల రిజర్వేషన్లను వర్గీకరించమన్నది వాళ్ళ కోరిక. దానిమీద మాల సోదరుల అభ్యంతరం వేరే ఉంది, ఆ వాదన ఇక్కడ పెట్టుకోను. 2004లో సుప్రీంకోర్టు వద్దంది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆరుగురు ఒకవైపు ఒక్కరు ఒకవైపుగా, రాష్ట్రాలు వర్గీకరించవచ్చంది. ఈదుమూడినుంచి ఆ తీర్పుదాకా ముప్పై ఏళ్ళు. ఒక డప్పు ముప్పై ఏళ్ళు ఆగకుండా మోగింది.

నీకు కొత్త తిట్లూ వచ్చాయి. 2021 ఫిబ్రవరి 8న రాజ్యసభలో ప్రధానమంత్రి నోట ఆందోళనజీవి అన్న మాట వచ్చింది. ఢిల్లీ పొలిమేరల్లో రైతులు చలికి వణుకుతూ కూర్చున్న కాలం అది. ఆ ఏడాది నవంబరులో మూడు సాగుచట్టాలూ వెనక్కి పోయాయి. ఇక్కడ కృష్ణ ఒడ్డున, పత్తీ మిరపా పండిన తుళ్ళూరు రేగడిలో, రాజధాని కోసం 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన రైతులు 2019 డిసెంబరులో శిబిరాల్లో కూర్చున్నప్పుడు వాళ్ళను పెయిడ్ ఆర్టిస్టులన్నారు. చీర కొంగు నడుముకు బిగించి రోడ్డుమీద బైఠాయించిన ఆడవాళ్ళను, మనవల్ని ఎత్తుకుని వచ్చిన అమ్మమ్మలను అన్న మాట అది. 2021 నవంబరు 1న వాళ్ళు తుళ్ళూరులో బయల్దేరి గుంటూరు, ప్రకాశం జిల్లాలమీదుగా తిరుపతిదాకా నడిచారు. నలభై అయిదు రోజులు. వానలు పడ్డాయి, కాళ్ళు బొబ్బలెక్కాయి. రాజధాని రాజకీయంలో ఎవరు ఎటు నిలిచినా నాకు అనవసరం. నలభై అయిదు రోజులు నడిచిన పాదాన్ని నటన అనడం మాత్రం పాపం.

నీ వేషం కట్టుకుని తిరిగేవాడు ఒకడున్నాడు. వాడి సంగతి కూడా చెప్పాలి. వాడికీ గొంతుంది, పిడికిలి ఉంది, మైకు ఉంది. వాడు వేలు చూపించేది కచేరీ వైపు కాదు, పక్కవాడలో ఉండే పేదవాడి వైపు. పక్కమతం వైపు, పక్కకులం వైపు. వాడు పెట్టిన మంటలో కాలేవి ఎప్పుడూ పూరిళ్ళే. వాణ్ణీ నిన్నూ ఒకే మాటతో పిలిచే పత్రికలంటే నాకు కోపం. మీ ఇద్దర్నీ వేరు చేసి చూడటం కష్టమేమీ కాదు. సభ ముగిశాక ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో చూస్తే చాలు. గోపాలకృష్ణయ్య రామనగరం వదిలింది జైలుకు పోవడానికే.

నువ్వు రాని ఊళ్ళు కూడా ఉన్నాయి. అదే నా అసలు దిగులు. 1987 ప్రాంతంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిమీద తెల్లదోమ వాలింది. ఆకు ఆకుకీ జిగురు, జిగురుమీద మసి. కొట్టిన మందే మళ్ళీ కొట్టారు, కొత్త మందు కొన్నారు. మందు అమ్మినవాడే అప్పు ఇచ్చాడు, పత్తి కూడా వాడే కొన్నాడు. దోమ చావలేదు. రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. ప్రతి ఇంట్లోనూ అదే బాకీ, అదే దోమ, అదే షావుకారు. కానీ ఎవడి సిగ్గు వాడి గుండెలోనే ఉండిపోయింది. నేనొక్కణ్ణే చెడ్డాననుకున్నాడు ప్రతివాడూ. ఇది నీ ఒక్కడి తప్పు కాదురా అబ్బాయీ, నీ గట్టుపక్కవాడిదీ ఇదే కథ, రా కలిసి పోయి అడుగుదాం అని చెప్పే మనిషి ఆ గుమ్మంలోకి సమయానికి రాలేదు. పెదనందిపాడు చుట్టుపక్కల ఒకనాడు శిస్తునే ఎదిరించిన కోపం, అడిగే దిక్కులేక, తనమీదికే తిరిగింది. నిన్ను చెడగొట్టేవాడనే పెద్దమనుషులు ఆ ఇళ్ళకు వెళ్ళి చూడాలి. అక్కడ ఎవరూ ఎవరినీ రెచ్చగొట్టలేదు. అంతా ప్రశాంతంగానే జరిగిపోయింది.

అందుకే నిన్ను పిలుస్తున్నాను. 2021-22లో నల్లతామర పురుగు మిరప పూతనంతా పీల్చేసిన చేలగట్లమీదికి రా. కాయ బాగుంటే ధర ఉండని, ధర ఉంటే కాయ తాలైపోయే ఇంటికి రా. కౌలు కాగితం లేని కౌలుదారు దగ్గరకు రా, నష్టపరిహారం జాబితాలో అతని పేరు ఉండదు. తెల్లవారుజామున ఆటోలో కిక్కిరిసి కోతకు పోయే ఆడవాళ్ళ మధ్య కూర్చో. పెద్ద మాటలు తేవద్దు. వాళ్ళ దగ్గర ఉన్న మాటే ఒకరిది ఒకరికి వినిపించు, చాలు.

ఇక చదివేవాళ్ళకు ఒక మాట. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి రైతులు మొరపెట్టుకుంటే, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల మద్దతు ప్రకటించింది. ఎవరో గొంతెత్తకపోతే ఆ అంకె కూడా కాగితం మీదికి వచ్చేది కాదు. ధరలు మళ్ళీ పడతాయి. గుంటూరు యార్డు ముందు మళ్ళీ రోడ్డుమీద జనం కూర్చుంటారు, మీ బస్సు ఆగిపోతుంది. వీళ్ళని ఎవరు రెచ్చగొట్టారో అని పక్క సీటువాణ్ణి అడగకండి. బస్సు దిగి, కూర్చున్నవాళ్ళలో ఒకర్ని ఈ యేడు ఎకరానికి పెట్టుబడి ఎంతయింది, మిర్చి టిక్కీ ఎంతకు పోయింది అని అడగండి. చెప్పేదాకా ఉండండి.